అతకని పొర

అతను మా షెడ్డులో పనికి చేరిన రోజే చేతులకు తెల్లటి నూలు గ్లౌజులు వేసుకుని వచ్చాడు. నడి వేసవి. రేకుల కప్పు కింద నిలబడితే నెత్తి మాడిపోయే కాలం. ఆ ఎండలో గ్లౌజులు తొడుక్కున్న మనిషిని అనకాపల్లిలో నేను అంతవరకు చూడలేదు. పని మొదలెట్టాక వేసుకుంటాడేమో అనుకోవడానికి లేదు, ఆటో దిగడమే వాటితో దిగాడు. మా ఆయన కరచాలనానికి చెయ్యి చాపితే, అతను రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

నేనూ మా ఆయనా కలిసి నడిపే షెడ్డు అది. ఎలమంచిలి వైపు వెళ్ళే దారిలో, బెల్లం గోడౌన్లు దాటాక ఉంటుంది. వంటింటి అలమార్లకు, బట్టల బీరువాలకు తలుపులు చేస్తాం. చెక్కపొట్టుతో ఒత్తిన బోర్డును కొలతకు కోసి, అంచులు గుండ్రంగా చెక్కి, గమ్ము కొట్టి, పైన రంగు ప్లాస్టిక్ ఫిల్మ్ పరిచి వేడి ప్రెస్సులో పెడితే, ఆ ఫిల్మ్ లోపలికి పీల్చుకుని తలుపుకు చర్మంలా పట్టేస్తుంది. కొలతలూ బిగింపులూ మా ఆయన పని. షెడ్డు నా పని. చెక్క నునుపు చేసేది మా ఆయనకు ఊరి వరసన మావయ్య అయ్యే వడ్రంగి. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్ళు టేకుతో, వేపతో బతికి, చివరికి మా బోర్డుల దగ్గరికి వచ్చాడు. "సెక్కకి ప్లాస్టిక్ సొక్కా తొడగడమేటే అమ్మాయ్" అని మొదటి ఏడాదంతా సణుగుతూనే ఉన్నాడు.

పాత రకం ఫిల్ముతో మాకు ఏ బాధా ఉండేది కాదు. కాకపోతే పొయ్యి పక్కనున్న తలుపులు రెండేళ్ళకే పచ్చబడుతున్నాయని జనం కొత్త రకం అడగడం మొదలెట్టారు. అది రంగు మారదు, వాసన రాదు. గమ్ము మాత్రం పట్టదు. తామరాకు మీద నీటిబొట్టు అంటారే, అచ్చం అలాగే, కొట్టిన గమ్ము చుక్కలు చుక్కలుగా విడిపోయి నిలబడేది. ఫ్యాక్టరీలోనే వెనకవైపు గమ్ము పట్టేలా ట్రీట్‌మెంట్ చేసి పంపుతామని అమ్మినవాళ్ళు చెప్పారు. నిజమేనేమో. కానీ మా రేకుల వేడిలో నెల రోజులుంటే ఆ గుణం పోయేది. వాడేముందు మళ్ళీ చెయ్యగల మనిషి కావాలని విశాఖపట్నంలో మాకు సరుకిచ్చే వ్యాపారిని అడిగితే ఇతన్ని పంపించాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. గొలుగొండ దగ్గర పల్లె. ప్లాస్టిక్ కవర్ల మీద అచ్చువేసే చోట పనిచేశాడట.

పని తెలిసినవాడే, అందులో అబద్ధం లేదు. పొడుగాటి బల్ల మీద ఫిల్మ్ పరిచి, చదునైన మూతి ఉన్న గ్యాస్ బర్నర్ పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపులో నీలం మంట నడిపించేవాడు. కాస్త ఆగితే ఫిల్మ్ ముడుచుకుపోతుంది, తొందరపడితే మంట తగలనట్టే. తర్వాత మూలన డ్రాపర్‌తో ఒక నీటిబొట్టు వేసేవాడు. మంట పెట్టకముందు పూసలా నిలబడ్డ బొట్టు, ఇప్పుడు కడిగిన గచ్చు మీద నీళ్ళలా పలచగా పరుచుకునేది.

"మంట తగిల్తే దాని జిడ్డు బుద్ధి మారుద్దమ్మా. అప్పుడే గమ్ముని రానిస్తాది" అన్నాడు మొదటిసారి నాకు చూపించినప్పుడు.

ఆ ఒక్కసారే చూపించాడు. మర్నాటి నుంచి బల్ల చుట్టూ టార్పాలిన్ కట్టేశాడు. ఫ్యాను గాలికి మంట వణుకుతోందని, చెక్కపొడి వచ్చి ఫిల్మ్ మీద పడుతోందని, లోపలికెవరూ రావద్దని చెప్పాడు. కారణం సరైనదే. కానీ నాకు నచ్చలేదు.

నాది మొదటినుంచీ అనుమానం బుద్ధి. మా నాన్న చెరకు రైతు. బెల్లం బండి వెంట నన్ను మార్కెట్టుకు తీసుకెళ్ళేవాడు. దిమ్మ పైన ఎంత పసుపుపచ్చగా మెరిసినా కొనేవాడు పగలగొట్టి లోపల చూడందే మాట్లాడడు. అది చూస్తూ పెరిగినదాన్ని. మూసిపెట్టింది ఏదైనా కనిపిస్తే నాకు చేతులు ఊరుకోవు.

అతని దగ్గర మూసిపెట్టినవి చాలానే ఉన్నాయి. గ్లౌజులు తియ్యడు. మధ్యాహ్నం మేమంతా ఒకచోట కూర్చుని తింటుంటే అతను షెడ్డు వెనక్కి వెళ్ళి, గోడవైపు తిరిగి, చెంచాతో తినేవాడు. నూకాలమ్మ ప్రసాదం పెడితే, అరచేతిలో కాకుండా కాగితం ముక్క చాపి అందులో పెట్టమన్నాడు. అతని సంచిలో పేరులేని డబ్బా ఒకటి ఉండేది. దాని మూత తీస్తే ఘాటైన వాసన టార్పాలిన్ దాటి వచ్చేది. అదేమిటని అడిగితే "తుడుచుకోడానికమ్మా" అనేవాడు. దేన్ని తుడుచుకోడానికో చెప్పడు.

"వోడి సేతులు ఎప్పుడైనా సూసేవా?" అని మావయ్య ఒకరోజు గొంతు తగ్గించి అడిగాడు. లేదన్నాను. "సూపించడు కూడాను. మాయరోగమేదో ఉంటాది. లేకపోతే ఏదో సేసి వచ్చుంటాడు" అన్నాడు. ఆ రోజు నుంచి మావయ్య అతను ముట్టుకున్న మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. నేను ఆయన్ని వారించలేదు.

నేను చేసిందల్లా ఒకటే. అతను తినడానికి వెళ్ళగానే టార్పాలిన్ ఎత్తి లోపలికి వెళ్ళి, అతను మంట పెట్టి ఆరబెట్టిన ఫిల్మ్ మీద చెయ్యి ఆనించి చూసేదాన్ని. నిజంగా మంట పెట్టాడా, పెట్టినట్టు నటించాడా అని. మంట తగిలిన ఫిల్మ్ వేలి కింద కొంచెం పట్టినట్టు ఉంటుంది, తగలనిది జారిపోతుంది. ఆ తేడా నాకు బాగా తెలిసిందని గర్వంగా కూడా ఉండేది. ఒకచోట కాదు, రెండు మూడు చోట్ల అదిమి చూసేదాన్ని. రోజూ.

రెండు నెలలు తిరక్కుండానే గవరపాలెంలో ఒక టీచరుగారు ఫోన్ చేశారు. ఆవిడ వంటింటికి అన్నీ తెల్ల తలుపులు బిగించాం. మా ఆయనా, మావయ్యా, నేనూ వెళ్ళాం. పొద్దుటి ఎండ కిటికీలోంచి తలుపుల మీదుగా ఏటవాలుగా పడుతోంది.

"చూడమ్మా, తలుపులకి బొబ్బలొచ్చాయి. ఇంట్లో పిల్లలకి రావాల్సింది తలుపులకొచ్చింది" అన్నారావిడ. కోపంగా అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

నిజమే. గిన్నెల అలమారు తలుపు మధ్యలో ఫిల్మ్ చిన్న చిన్న ముద్దలుగా లేచింది. సింకు కింద తలుపుల అంచులు కూడా కాస్త విడిచాయి. మా ఆయన వేలితో నొక్కితే బుడగ పక్కకు జరిగింది. మావయ్య కళ్ళజోడు పైకి తోసి, తలవంచి చాలాసేపు చూశాడు.

"ఎవులో సెయ్యేసినట్టుందిరా ఇది" అన్నాడు.

ఎవరిదని ఎవరూ అడగలేదు. ముగ్గురం ఒక్కడి గురించే అనుకున్నాం.

ఆ తర్వాత ఇంకో ఇల్లు, దాని వెనక మరోటి. నేను విశాఖపట్నం వ్యాపారికి ఫోన్ చేసి ఇతని గురించి గుచ్చి గుచ్చి అడిగాను. మంచి పనివాడే గానీ ఎక్కడా నిలవడని చెప్పాడు. ఎందుకు నిలవడంటే తనకు తెలియదన్నాడు. తెలిసే దాస్తున్నాడని అనిపించింది. ఆ వారంలో నేను చెయ్యకూడని పని ఒకటి చేశాను. మధ్యాహ్నం అతని సంచి తెరిచి చూశాను. ఆ డబ్బా, ఒక డ్రాపర్, తువ్వాలు, ఉతికి మడతపెట్టిన ఆరు జతల గ్లౌజులు. అంతే. డబ్బా వాసన చూశాను. ఆసుపత్రిలో సూది వేసేముందు రాసే స్పిరిట్ లాగుంది. అందులో ఏదైనా కలిపి గమ్మును పాడుచేస్తున్నాడేమో, మా దగ్గర పని చెడగొట్టమని ఎవరైనా పంపారేమో అని కూడా ఆలోచించాను. సంచి ఎలా ఉందో అలాగే మూసి పెట్టాను. అతను వచ్చి సంచి వైపు చూశాడు. తర్వాత నేలవైపు చూశాడు. ఏమీ అనకుండా పనిలోకి వెళ్ళిపోయాడు.

ఆ మౌనం నా అనుమానాన్ని ఇంకా పెంచింది. తప్పు లేనివాడైతే అడిగేవాడు కదా అనుకున్నాను.

ఆ శనివారం సాయంత్రం మా ఆయన అతన్ని పిలిచి, ఆర్డర్లు తగ్గాయి, సోమవారం నుంచి రానక్కర్లేదని చెప్పాడు. చెప్పమని నూరిపోసింది నేనే. ఆర్డర్లు తగ్గలేదని అతనికీ తెలుసు. పక్కనే ఇరవై తలుపులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. "నా పని బాగోనేదా సార్?" అని ఒక్కటే అడిగాడు. పని బాగానే ఉందని మా ఆయన తల పక్కకు తిప్పుకుని అన్నాడు. అతను బర్నర్ తుడిచి, టార్పాలిన్ విప్పి మడతపెట్టి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఆ మంట పని మా ఆయనే నేర్చుకున్నాడు. మొదట రెండు షీట్లు ముడతలు పడి పాడయ్యాయి. మూడోది కుదిరింది. నీటిబొట్టు వేసి చూస్తే చక్కగా పరుచుకుంది. గండం గడిచిందనుకున్నాం. నా అలవాటు మాత్రం మానలేదు. మా ఆయన పనిమీద కూడా నాకు నమ్మకం లేదు మరి. ఆయన బయటికి వెళ్ళగానే చెయ్యి ఆనించి చూసేదాన్ని.

వానలు తగ్గి చలి మొదలైన రోజులు. బిగించడానికి సిద్ధంగా పెట్టిన తలుపుల్లో ఒకదానికి షెడ్డులోనే బుడగలు లేచాయి. మా ఆయన ఎలమంచిలి వెళ్ళాడు. నేనూ మావయ్యా ఆ తలుపును బల్ల మీద పడుకోబెట్టాం. మావయ్య వేడిగాలి గన్నుతో ఫిల్మును మెత్తబరిచి, మూల నుంచి మెల్లగా ఒలిచాడు. పట్టిన చోటల్లా చెక్కపీచు ఫిల్ముతో పాటే లేచొచ్చింది. పట్టని చోట మాత్రం ఫిల్మ్ వెనక నున్నగా, అద్దంలా ఉంది. ఆ నున్నటి మచ్చలు వేళ్ళ ఆకారంలో ఉన్నాయి.

"వోడు ఎప్పుడో ఎల్లిపోయేడు కదే" అన్నాడు మావయ్య. తన చెయ్యి దానిమీద పెట్టి చూశాడు. ఆయన చెయ్యి చాలా పెద్దది.

నాకు కొలిచి చూడాల్సిన పని లేకపోయింది. నా కుడిచేతి చూపుడువేలుకు చివరి కణుపు లేదు. తొమ్మిదేళ్ళప్పుడు చెరకు నరికే కత్తి తెగ్గొట్టింది. ఫిల్మ్ మీద మూడు పొడుగు మచ్చలు, వాటి పక్కన, చూపుడువేలు ఉండాల్సిన చోట, ఒక పొట్టి మచ్చ. పొద్దున్నే తలకు నూనె రాసుకుని జడ వేసుకుని, చేపలు వేయించి క్యారేజీలు సర్ది షెడ్డుకు వచ్చే చెయ్యి అది. ఎంత కడిగినా జిడ్డు పూర్తిగా పోదు. కంటికి కనబడని ఆ జిడ్డు చాలు, మంట ఇచ్చిన గుణమంతా అక్కడ పోవడానికి.

మావయ్య మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళాడు. నేను ఆ ఫిల్మును నాలుగు మడతలు పెట్టి చెత్తలో, అడుగున దూర్చాను. ఆయన నా వేలువైపు చూశాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రెండు రోజులూ ఆయన మామూలుగా మాట్లాడినా ఎత్తిపొడుపులాగే వినిపించింది.

మూడోరోజు పొద్దున్న మా ఆయనకు చెప్పాను. ఆయన టీ తాగుతున్నవాడు గ్లాసు కిందపెట్టి, నా చేతిని తీసుకుని తిప్పి చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. "బండి తీత్తాను, పద" అన్నాడు అంతే.

నర్సీపట్నం దాటి గొలుగొండ చేరేసరికి పదిన్నరైంది. అక్కడ అడుగుతూ అతని పల్లెకు వెళ్ళాం. అతను తన అన్న కళ్ళంలో వరి కొడుతున్నాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు. మొదటిసారి అతని చేతులు చూశాను. రోగం లేదు, కాలిన మచ్చ లేదు. అరచేతుల్లోంచి చెమట కారుతోంది. పని చేసినందుకు పట్టే చెమట కాదు. కొళాయి సరిగ్గా కట్టకపోతే కారినట్టు, వేళ్ళ చివర్ల నుంచి బొట్లు బొట్లుగా నేలమీద పడుతోంది. చలికాలం పొద్దున్న.

అతను లుంగీకి తుడుచుకున్నాడు. మళ్ళీ వచ్చింది.

"పుట్టిందగ్గర్నుంచీ ఇంతేనమ్మా" అన్నాడు. "బళ్ళో రాసిన కాయితం తడిసిపోయీది. అచ్చు పన్లో నేను ముట్టుకున్నకాడల్లా రంగు ఊడిపోతే ఎల్లగొట్టేసేరు. అక్కడే ఒక ఇంజనీరు బాబు సెప్పేడు, సేతులకి తొడుక్కో, ముట్టుకున్నకాడ స్పిరిట్ ఎట్టి తుడువు అని. అలా నేర్సుకున్నాను ఈ పని."

మరి మాకెందుకు చెప్పలేదని మా ఆయన అడిగాడు. చెప్పిన చోటల్లా జనం అంటురోగం అనుకుని దూరం జరిగారని, చెప్పకపోతే పోన్లే అనుకుని వదిలేస్తారని ఆశపడ్డానని అన్నాడు.

నేను చెప్పడానికి వచ్చింది వేరే. తలుపుల మీద పడ్డ వేళ్ళు నావేనని చెప్పాను.

"తెలుసమ్మా" అన్నాడు. "రెండో వారంలోనే సూసేను. ఫిల్ముని ఎల్తురికి వారగా ఎడితే కనిపించీయి. కనిపించినయి స్పిరిట్‌తో తుడిసీసి మళ్ళీ మంటెట్టీవోణ్ణి. కనిపించనియి ఎల్లిపోయేయి."

ఆ డబ్బా అందుకా అనుకున్నాను. నేను వాసన చూసిన డబ్బా, నేను విషమని అనుమానపడ్డ డబ్బా, అతను తన చేతుల కోసం కొనుక్కున్నది, రోజూ నా చేతి జిడ్డు తుడవడానికి అయిపోయింది.

"ఒక్కమాట నాతో అనొచ్చు కదా" అన్నాను.

"మీరు యజమానులు. మీ సెయ్యి అంటే, కాదు నీ సెయ్యే అనీవోరు" అన్నాడు.

నిజమే, అలాగే అనేదాన్ని.

అతని భార్య మంచినీళ్ళు తెచ్చింది, తాగాం. వెనక్కి రమ్మని మా ఆయన అడిగితే వెంటనే ఒప్పుకోలేదు. కళ్ళం పని ముగిశాక వస్తాను గానీ, ఫిల్మ్ ఉండే చోటికి రేకులతో గది కట్టి తలుపు పెట్టాలని, తాళం తన దగ్గరే ఉండాలని అన్నాడు. సరేనన్నాం. తిరుగుదారిలో మా ఆయన నర్సీపట్నంలో బండి ఆపి, "బొబ్బలు నీవి. మరి సింకు కిందన అంచులు ఊడినయి ఎవరివి?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు అతను తిరిగొచ్చిన వారంలో దొరికింది. టీచరుగారి వంటింటి నుంచి విప్పి తెచ్చిన తలుపుల అంచులు చూసి, చెక్క అంచున పీచు లేచి ఉందనీ, అక్కడ గమ్మంతా చెక్కే తాగేస్తోందనీ చెప్పాడు. అంచుల్ని సన్నరకం గరుకు కాగితంతో ఇంకోసారి రుద్ది, పొడి ఊది, గమ్ము రెండు పూతలు వెయ్యాలన్నాడు. అంచులు రుద్దేది మావయ్య. "నలభయ్యేళ్ళ బట్టి సెక్క రుద్దుతున్నాను, నాకు సెప్పొచ్చేడు" అని రెండు రోజులు పనిలోకి రాలేదు. వచ్చాక తనే ఆ గరుకు కాగితం అడిగి తీసుకున్నాడు. నీళ్ళ గ్లాసు మాత్రం ఇంకా విడిగానే పెట్టుకుంటాడు. అది రోగం కాదని నేను రెండుసార్లు చెప్పి చూశాను. నా మాటే ఆయన నమ్మడు.

పాడైన తలుపులన్నీ మా ఖర్చుతోనే మార్చాం. టీచరుగారికి నిజం చెప్పాను. వేలు చూపించి మరీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. కొత్త తలుపులు బిగిస్తున్నంతసేపూ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

నేను మారిపోయానని చెప్పను. ఆ రేకుల గది తాళం అతని జేబులో ఉంటుంది. లోపల ఏం చేస్తున్నాడా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అనిపించినప్పుడు తలుపు తడతాను. అతను తీసి, "రండమ్మా" అని పక్కకు జరుగుతాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని చూసి వచ్చేస్తాను. అన్నాళ్ళు నా వేళ్ళేనని తెలిసీ నోరు విప్పనివాడు ఇంకేమేం తెలిసి ఊరుకుంటున్నాడో అన్న ఆలోచన కూడా రాకపోలేదు.

మొన్నామధ్య ఎలమంచిలిలో ఒక హాస్టలుకు బీరువా తలుపుల పని వచ్చింది. పని ఇచ్చేముందు వాళ్ళ ఇంజనీరు ఒకాయన షెడ్డుకు వచ్చాడు. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. మేం చూపించిన తలుపు వద్దని, వరసలో వెనకున్నది తనే లాగి తీసుకున్నాడు. జేబులోంచి బ్లేడు తీసి ఫిల్మును వేలెడు వెడల్పున రెండు గాట్లు పెట్టి, మూల లేపి, పటకారుతో పట్టుకుని గట్టిగా లాగాడు. రానంది. ఇంకా బలంగా లాగితే చెక్కపీచుతో సహా పర్రున లేచింది. చెక్క చిరిగింది గానీ ఫిల్మ్ చెక్కను వదల్లేదు. మా గ్లౌజుల మనిషి ఆ గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

ఇంజనీరు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏ మందు పూస్తారని అడిగాడు. మందేమీ లేదు, మంటా శుభ్రమూ అంతే అని మా ఆయన చెప్పాడు. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. పని మాత్రం మాకే ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ ఆ ఫిల్మ్ ముక్కను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళి దాన్ని మళ్ళీ గోటితో గీకి చూసే ఉంటాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.